సాదా గుడ్డకు కొంచెము కళ

(ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి)



మార్చి నెలాఖరున మా సంఘములో సరుకు లెక్క తీసితిమి. ఒక బీరువా తెరచితే తెల్ల వేష్టులు. రెండవది తెరచితే తెల్ల తుండ్లు. మూడవ దానిలో ఒకే రంగు నేలకు ఒకే రంగు అంచు గల చీరలు. కొన్నిటి మడతలు పసుపు పట్టినవి. నేతలో లోపము లేదు. పోగు తెగలేదు, అంచు వంకర పోలేదు, కొలత తగ్గలేదు. అయినను కొనువారు లేరు. లెక్క పుస్తకములో సంతకము చేసి యింటికి వచ్చితిని.

ఆ రాత్రియే మా యింటిలో వేరొక లెక్క జరిగినది. మా అమ్మాయి కోవిల్‌పట్టిలో కాలేజీ చదువుచున్నది. దాని పెట్టెను అది సర్దుకొనుచుండగా నేను ప్రక్కన కూర్చుండి చూచితిని. అందులో మన మగ్గము మీద దిగిన గుడ్డ ఒక్కటియు లేదు. సూరతు నుండి వచ్చిన నైలాను, ఎక్కడ నుండి వచ్చినదో తెలియని పాలియెస్టరు, మరమగ్గపు అచ్చు గుడ్డలు. "ఏమమ్మా, మూడు తరములుగా నేతపని చేసే యింట పుట్టి మన గుడ్డ ఒక్కటి కట్టవా?" అంటిని.

"నాయనా, మీ సంఘములో ఉండేదంతా ఒక్క తీరే గదా. తాతకు నేసిందే నాకూ నేస్తే నేనెట్లా కట్టేది?" అన్నది. అని ఊరకుండక, నా పెట్టె తెరచి అడుగున ఉన్న ఒక పాత అంగవస్త్రమును లాగి భుజమున వేసుకొని, "ఇట్లాంటిది ఉంటే కట్టనా? ఇది ఎవరు నేసింది? ఇంకొకటి ఉందా?" అని అడిగినది.

ఆ ప్రశ్నకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఎందుకో చివర చెప్పెదను. ముందుగా ఆ పిల్ల అడిగిన మాటను మనము ఆలోచింపవలసియున్నది.

మనది కరిసల్ సీమ, నల్లరేగడి నేల. విరుదునగరము మొదలు సాత్తూరు, కోవిల్‌పట్టి, ఎట్టయాపురము వరకు ఈ నేలలో పత్తి పండినది, మిరప పండినది. పత్తి పండిన చోట నూలు, నూలున్న చోట మగ్గము వెలసినవి. తెలుగు దేశము నుండి వందల ఏండ్ల క్రిందట వచ్చిన కుటుంబములు కొన్ని నాగలి పట్టినవి, కొన్ని నాడె పట్టినవి. ఇడైచెవల్ గ్రామములో తెలుగు మాటలాడు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ గారు ఆ వలస కథను అరవములో నవలగా వ్రాసి పేరు గాంచినారు. ఇంటిలో తెలుగు, వీధిలో అరవము, ఈ రెండింటి నడుమ మనము బ్రతికితిమి. కట్టుబట్ట విషయములో మాత్రము మనకు ఒకే భాష: తెలుపు.

దీనికి గౌరవమైన కారణము లేకపోలేదు. 1921 సెప్టెంబరు 22వ తేదీన గాంధీమహాత్ముడు మన మధురలోనే పైబట్టలు విడిచి కొల్లాయి కట్టినారు. విరుదునగరములో 1903లో పుట్టిన కామరాజు గారు తొమ్మిదేండ్లు ముఖ్యమంత్రిగా ఉండియు, తెల్ల ఖద్దరు చొక్కా, తెల్ల వేష్టి విడిచి యెరుగరు. అట్టివారిని చూచి పెరిగిన మనకు సాదా గుడ్డ యనిన నిజాయితీ గుర్తు. ఆ గౌరవమును తగ్గించుట నా ఉద్దేశము కాదు. కాని ఒక్క మాట. కామరాజు గారి చొక్కా సాదాయే గాని, జనసమూహములో దానిని చూడగానే ఆయనది అని గుర్తించెడివారు. సాదాతనము వేరు, కళ లేకపోవుట వేరు. మనము రెండవ దానిని మొదటి దాని పేరుతో అమ్మజూచుచున్నాము.

సాదా గుడ్డను చట్టము కాపాడునని మన పెద్దలు నమ్మినారు. ఆ నమ్మకమునకు ఆధారము ఉండెను. 1952 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము మిల్లులు నేయు ధోవతులను అంతకు ముందటి సగటులో నూటికి అరువది వంతులకు తగ్గించినది. 1953లో మిల్లు గుడ్డపై అదనపు సుంకము వేసి, ఆ సొమ్మును ఖాదీకిని చేనేతకును వినియోగించుటకు చట్టము చేసినారు. 1985లో వచ్చిన చట్టము క్రింద 22 రకముల వస్త్రములను చేనేతకే ప్రత్యేకించిరి. తరువాత అవి 11కు తగ్గినవి. చీర, ధోవతి, తువాలు ఆ పట్టికలో నేటికిని ఉన్నవి. ఉండియు ఏమి లాభము? బజారులో నిలుచున్నచో మన కండ్ల ముందరనే మరమగ్గపు వేష్టి చేనేత పేరు చెప్పి పోవుచున్నది. 1952లో పుట్టిన అఖిల భారత చేనేత బోర్డు 2020లో రద్దయినది. చట్టము మనకు గొడుగు కావచ్చును; గొడుగు పట్టుకొన్నంత మాత్రమున పంట పండదు.

చట్టము ఎంతవరకు పోగలదో చెప్పుటకు మరియొక ఉదాహరణ. 2014లో చెన్నపట్నములో ఒక క్లబ్బువారు వేష్టి కట్టి వచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని లోనికి రానీయలేదు. ఆ ఏడే రాష్ట్ర ప్రభుత్వము చట్టము చేసి, వేష్టి కట్టినవానిని ఎవరును అడ్డగింపరాదన్నది. మంచిదే, మనమందరము సంతోషించితిమి. కాని ఆ వేష్టి మన మగ్గము మీదిదే కావలెనని ఏ చట్టమును చెప్పలేదు గదా! వేష్టి లోనికి పోయినది; మనము గుమ్మము బయటనే ఉన్నాము.

యంత్రమునకు ఏది సులభము? పొడుగునా ఒకే పోగు, ఒకే రంగు, ఒకే నేత. రాజపాళయము ప్రక్కన చత్రపట్టికి పోయి చూడుడు. ఆసుపత్రులకు కట్టుగుడ్డ అక్కడ మరమగ్గముల మీద రాత్రింబగళ్ళు దిగుచున్నది. నేతలో అంతకంటె సాదాయైన గుడ్డ లేదు. దానితో చేతిమగ్గము పోటీ పడుట జోడెద్దుల బండి రైలుతో పందెము వేసినట్లు. అరుప్పుకోటలో ఒకప్పుడు చేతిమగ్గముల చప్పుడు వినబడిన వీధులలో నేడు మరమగ్గములు మ్రోగుచున్నవి. మనవారే మార్చుకొన్నారు, వారిని నిందింపను, ఆకలికి ఉపాయము కావలెను. కాని చేతిమగ్గము విడువక కూర్చున్న మనము యంత్రము నేయు గుడ్డనే నేసి, యంత్రము కంటె ఎక్కువ ధర అడుగుట న్యాయమా? కొనువాడు ఎందుకు ఇయ్యవలెను?

ప్రభుత్వము పొంగలి పండుగకు పేదలకు ఉచితముగా వేష్టి, చీర ఇచ్చు పథకమును 1983లో ఎం.జి. రామచంద్రన్ గారి కాలమున ఆరంభించినది. దానివలన ఎన్నో మగ్గములు ఆగకుండ నడచినవి. ఆ ఉపకారము మరువరాదు. కాని దానివలన మనకు ఒక అలవాటు కూడ పట్టినది. ఒకే కొలత, ఒకే అంచు, వేలకొలది. కొనువాని ముఖము చూడకయే నేసితిమి. కొనువాని ముఖము చూడని నేత, తినువాని ఆకలి తెలియని వంట వంటిది.

లెక్కలు చూచిన భయము కలుగును. 2009-10 చేనేత గణనలో దేశమంతట 43.31 లక్షల మంది ఈ పనిలో ఉండిరి. 2019-20 గణన నాటికి 35.22 లక్షలైనారు. నేత కుటుంబములలో సుమారు మూడింట రెండు వంతుల వారికి నెలకు అయిదు వేల రూపాయలైన రాదని ఆ రెండవ గణనయే చెప్పినది. ఈ లెక్కలో మన వీధుల వారును ఉన్నారు. ఇది వినోదమునకు వ్రాయు వ్యాసము కాదని చెప్పుటకే ఈ అంకెలు వ్రాసితిని.

ఇప్పుడు కొనువానివైపు నుండి చూతము. పట్టు చీర ఏడాదికి ఒకటి, పెండ్లికి రెండు. అది కాంచీపురమువారు చూచుకొందురు. మన గిరాకి వేరు. విరుదునగరములో కొట్టు గుమాస్తా, సాత్తూరులో పంతులమ్మ, కోవిల్‌పట్టిలో మిల్లు మేస్త్రీ, కాలేజీ పిల్ల — వీరి పెట్టెలలో దినదినము కట్టు గుడ్డలు పదియో పన్నెండో ఉండును. అవియే మరల మరల ఉతికి కట్టుదురు. వారికి కావలసినది జరీ కాదు, బుటా కాదు. రోజూ కట్టదగినది, ఉతుకునకు ఆగునది, ఎండకు చల్లగా ఉండునది; అయితే ప్రక్కింటివానిది వలె ఉండక తనదని చెప్పుకొనదగిన చిన్న విశేషము గలది. సాదాగానే ఉండవలెను, కాని చప్పగా ఉండరాదు. మజ్జిగలో ఉప్పు, అల్లము వంటిది. మజ్జిగ మజ్జిగయే, అల్లము ముక్క వేసిన గ్లాసు వేరు.

మన కోవిల్‌పట్టి కడలై మిఠాయినే చూడుడు. వేరుసెనగ, బెల్లము. అంతకంటె సామాన్యమైన వస్తువులు ఏమున్నవి? దేశములో ప్రతి ఊర చేయుదురు. అయినను ఈ రేగడి నేల గింజ, ఇచ్చటి పాకము చవి వేరని 2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. మిఠాయివాడు పిస్తాపప్పు కలుపలేదు, వెండిరేకు అంటింపలేదు. సామాన్యమైన దానినే శ్రద్ధగా చేసి, ఇది కోవిల్‌పట్టిది అని జనముచేత అనిపించినాడు. ఆ పని నూలుతో మనమెందుకు చేయరాదు?

చేసినవారు మనలోనే ఉన్నారు. గుంటూరు సీమలోని మంగళగిరి గుడ్డ చూచినవారికి తెలియును. నేల అంతయు సాదా. పువ్వు లేదు, బుటా లేదు. గుంట మగ్గము మీద దిట్టముగా నేసిన నేత, అంచున గోపురపు మొనల వంటి చిన్న నిజాము అంచు. అంతే. చీరగా కట్టువారు కట్టుచుండగా, అదే గుడ్డను చొక్కాలకును, ఆడపిల్లల కమీజులకును కొని కుట్టించుకొనుచున్నారు. ఇంకను దగ్గర కావలెనన్న, కారైకుడిలో దేవాంగ కుటుంబములు నేయు కండాంగి చీర ఉన్నది. ముతక నూలు, పెద్ద గళ్ళు, వెడల్పు అంచు, గట్టి రంగు. ఒకప్పుడు ముసలమ్మల చీర అని నవ్విరి. 2019లో దానికిని భౌగోళిక గుర్తింపు వచ్చినది. నేడు పట్నపు స్త్రీలు వెదకి కొనుచున్నారు. గళ్ళు మారలేదు. చూచు కన్ను మారినది, చూపించువాని శ్రద్ధయు పెరిగినది.

"మాటలు బాగున్నవి, మగ్గము మార్చుటకు డబ్బెవరిత్తురు?" అని మీరడుగుదురు. మగ్గము మార్చనక్కరలేదు. జకార్డు పెట్టె అక్కరలేదు. మనకున్న రెండు తొక్కుడు చెక్కల మగ్గము మీదనే చేయదగినవి కొన్ని చెప్పెదను. ఇవి నేను కనిపెట్టినవి కావు. మీ చేతులకు తెలిసినవే. మరచితిమి.

ఒకటి, అంచు. నలుబది యెనిమిది అంగుళముల వెడల్పు, అంగుళమునకు 72 పోగులు గల పడుగులో మొత్తము 3,456 పోగులు. ఇరుప్రక్కల అంగుళము చొప్పున రంగు అంచు వేసిన, రంగు పోగులు 144 మాత్రమే. అనగా ఇరువది నాలుగవ వంతు. వేష్టి ధరలో రంగు ఖర్చు ఎంత పెరుగునో మీరే లెక్క వేయుడు. మామిడిపండు రంగు, పొగాకు రంగు, నీలి, కావి — ప్రతి నెల ఒక రంగు మార్చినను ఏడాదికి పన్నెండు వేష్టులు కానవచ్చును. మనము ముప్పది ఏండ్లుగా పచ్చయంచు, ఎర్రయంచు తప్ప మూడవది ఎరుగము.

రెండు, రెండు ఛాయల గుడ్డ. పడుగు నీలము, పేక ఎరుపు పెట్టుడు. నేత అదే, తొక్కుడు అదే. గుడ్డ కదలినప్పుడెల్ల ఒకసారి నీలముగా, ఒకసారి ఎరుపుగా తోచును. పట్టులో దీనిని ఎన్ని తరములుగా చేయుచున్నారు! నూలులో చేయరాదని ఎవరనిరి? ఒకే నీలి పడుగు ఎక్కించి, పేక మార్చి మార్చి నేసిన, ఆ పడుగు మీదనే నాలుగైదు రంగుల గుడ్డ దిగును.

మూడు, జంట పోగు. నాలుగు అంగుళములకొకసారి రెండు మూడు పోగులను ఒకటిగా కలిపి అచ్చులో ఎక్కించిన, గుడ్డ మీద సన్నని గట్టు వలె గీత లేచును. తెలుపు మీద తెలుపే. కంటికి మెల్లగా, చేతికి స్పష్టముగా తెలియును. ఆఫీసుకు పోవువాని చొక్కాకు ఇంతకంటె మర్యాదయైన గుడ్డ లేదు.

నాలుగు, అచ్చులో సందు విడుచుట. అక్కడక్కడ రెండు మూడు పళ్ళు ఖాళీగా విడిచిన, గుడ్డలో గాలి ఆడు గీత వచ్చును. కరిసల్ ఎండలో కట్టువానికి అది ఎంత హాయియో చెప్పనక్కరలేదు. సందు మరీ వెడల్పయిన పోగులు జరుగును; అందుచేత సందుకు ఇరుప్రక్కల జంట పోగులు కాపలా పెట్టవలెను.

అయిదు, లావు సన్నము పేక. నలువది నంబరు పేక నడుమ ఇరువది నంబరు పేకను రెండేసి వాట్లు వేయుడు. ఇరువది నంబరు పోగు నలువది దానికంటె లావు. రెండు నాడెలు మార్చుట తప్ప వేరు శ్రమ లేదు. గుడ్డకు ధాన్యపు గింజ వలె మెరక పల్లము వచ్చును. తువాలుగా వాడినచో నీటిని బాగుగా పీల్చును.

ఆరు, కోరా గుడ్డ. చలువ చేయని నూలుకు దాని రంగు దానికి ఉన్నది. ఒకప్పుడు ఈ రేగడిలో కరుంగణ్ణి అను నాటుపత్తి విరివిగా పండెడిది. కోవిల్‌పట్టి వ్యవసాయ పరిశోధనా క్షేత్రమువారు నూరేండ్లకు పైగా మెట్టపైరులపై పని చేయుచున్నారు. ఈ నాటుపత్తిపైనను చేసిరి. దాని పింజ పొట్టి, సన్ననూలుకు రాదు. ముతక తువాలుకు, దుప్పటికి తగినది. అది దొరికినచో, దాని పేరు చెప్పి, దాని రంగుననే నేసి అమ్ముడు. చలువ ఖర్చు మిగులును, ఊరి పేరు నిలుచును.

ఇవి ఆరును సాదా గుడ్డలే. ఒక్కదానిలోనైన పువ్వు లేదు. కాని ఈ ఆరింటిని ఒక పెట్టెలో పెట్టి చూడుడు. ఆ పెట్టె గలవాడు బీదవాడైనను రుచి తెలిసినవాడని చూచినవారందురు.

రంగు మాట వచ్చినది గనుక ఒక హెచ్చరిక. 1958లో మన చెన్నపట్నపు గళ్ళగుడ్డ అమెరికాకు పోయినది. ఉతికితే రంగు కారునన్న మాట కట్టువారికి చేరలేదు. కట్టినవారు వేడినీట ఉతికిరి, రంగు కారినది, గొడవ లేచినది. తరువాత అక్కడి వర్తకులు తెలివిగా, "ప్రతి ఉతుకునకు కొత్త రంగు, ఇదియే దీని విశేషము" అని ప్రకటించి, తప్పునే గొప్పగా అమ్ముకొనిరి. కథ వినుటకు బాగుగా ఉన్నది. కాని అట్టి అదృష్టము ఒక్కసారియే వచ్చును. విరుదునగరపు పంతులమ్మ తెల్ల రవికెకు మన ఎర్రయంచు అంటినచో ఆమె ప్రకటన చూడదు. మరల మన కొట్టు మెట్టు ఎక్కదు.

కనుక ప్రతి రంగునూలును పడుగులో ఎక్కించుటకు ముందే పరీక్షింపవలెను. కష్టము లేదు. రంగునూలు కొంచెము తీసి తెల్లగుడ్డ ముక్కతో కలిపి కుట్టి, సబ్బునీట నానబెట్టి, గట్టిగా పిండి, ఎండవేయుడు. తెల్లముక్కకు రంగు అంటినచో ఆ నూలును తిప్పి పంపుడు. అట్లే గజము గుడ్డ కత్తిరించి, ఉతికి, ఆరిన పిమ్మట మరల కొలువుడు. గజమునకు అంగుళము కుంగినచో, ఎనిమిది మూరల వేష్టి, అనగా నాలుగు గజములది, నాలుగు అంగుళములు కుంగును. ఆ నాలుగు అంగుళములు ముందే ఎక్కువ నేయవలెను. కొలత దొంగిలించినవాని గుడ్డ ఎంత అందముగా ఉన్నను రెండవసారి పోదు.

ఇక మీ ఆక్షేపణలు. నాకు తెలిసినవి మూడు.

"కొత్తది నేసిన, పోనిచో నష్టమెవరిది?" అన్నది మొదటిది. దీనికి జవాబు: నూరు నేయవద్దు, ఆరు నేయుడు. పడుగు చివర మిగిలిన రెండు మూడు గజములను మాదిరికి వాడుడు. కొట్టులో పెట్టి, ఏది ముందు పోయినదో, ఏది ముట్టుకొని విడిచిరో, ఏమని విడిచిరో పుస్తకములో వ్రాయుడు. మన సంఘముల పుస్తకములలో అమ్మినది వ్రాయుదుము. అడిగి లేదని పోయినవాని మాట వ్రాయము. ఆ మాటయే అసలు లాభము.

"మాకు చిత్రములు గీయుట రాదు" అన్నది రెండవది. గీయనక్కరలేదు. 1956 మొదలు ప్రభుత్వము వీవర్స్ సర్వీసు సెంటర్లు నడుపుచున్నది. చెన్నైలో ఉన్నది, కాంచీపురములో ఉన్నది. రంగులు, మాదిరులు చూపుట వారి పని. మనము పోము. పోయినను కాఫీ త్రాగి వత్తుము. చేతిలో గుడ్డ ముక్క పట్టుకొని, "ఇది పోవుట లేదు, ఏమి చేయవలెను?" అని సూటిగా అడుగవలెను.

మూడవ ఆక్షేపణ పెద్దది, న్యాయమైనది కూడ. "విశేషము పెట్టి నేసిన చేయి ఆలస్యమగును. కూలి మాత్రము సాదా కూలియే. మేమెందుకు నేయవలెను?" దీనికి జవాబు చెప్పవలసినవాడు నేతగాడు కాదు, కార్యదర్శి. ఇచ్చట నా తప్పు నేను ఒప్పుకొనవలసియున్నది.

ఆరేండ్ల క్రిందట మా సంఘపు సభ్యుడొకరు, వయసులో నాకు పెద్ద, మామా అని పిలుచువాడను, ఒక అంగవస్త్రము నేసి తెచ్చినారు. కోరా నేల. నాలుగు అంగుళములకొక జంట పోగు గట్టు. దాని ప్రక్కన అచ్చు సందు విడిచిన గాలి గీత. అంచున వ్రేలెడు నీలి. నేను బల్ల మీద పరచి చూచితిని. నియమముల పుస్తకములో అట్టిదానికి పేరు లేదు. "అచ్చు తప్పినట్లున్నదే మామా" అంటిని.

"తప్పలేదయ్యా, తెలిసే విడిచినాను. ఎండకాలానికి బాగుంటుంది, చూడు" అన్నారు.

నేను వినలేదు. రెండవ రకము అని చీటీ అంటించి, కూలిలో కోత వ్రాసితిని. ఆయన మాట్లాడలేదు. చీటీ చూచి, తల ఊపి, ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకొని పోయినారు. ఆ గుడ్డ రెండవ రకము ధరకు పడియుండగా నేనే కొంటిని. తరువాత ఆయన మరి మాదిరి తేలేదు. రెండేండ్లు తెల్ల తుండ్లే నేసి, ఒకనాడు మగ్గము విప్పి, మరమగ్గముల కొట్టములో కూలికి చేరినారు. కొన్నాళ్ళకు మధురలో ఒక అంగడి కిటికీలో సరిగా అట్టి గుడ్డయే చూచితిని. ధర మా తుండు ధరకు రెండింతలున్నది. ఎవరు నేసిరో తెలియదు. మా మామ కాదని మాత్రము తెలియును.

మా అమ్మాయి పెట్టె అడుగు నుండి లాగినది ఆ అంగవస్త్రమే. "ఇంకొకటి ఉందా?" అని అది అడిగినప్పుడు నేను పలుకలేకపోవుటకు కారణమిదియే.

ఆ గుడ్డ చెడినదని కాదు, నా నియమముల పుస్తకములో చోటు లేదని కూలి కోసితిని. ఈ తప్పు నా ఒక్కనిది అయినచో ఇంటిలోనే దిగమ్రింగుకొని ఉండెడివాడను. కాని ఎన్ని సంఘములలో ఎన్ని బల్లల మీద ఇట్టి చీటీలు అంటించియుందుమో! కొత్తది తెచ్చిన చేతికి కోత పెట్టి, పాతది తెచ్చిన చేతికి పూర్తి కూలి ఇచ్చి, "మనవారికి కొత్త ఆలోచన రాదు" అని మహాసభలలో ఉపన్యాసము చెప్పుచున్నాము.

అందుచేత కార్యదర్శులకును, పాలకవర్గములకును నా మనవి యేమనగా:

మొదట కూలి. సాదా తుండ్లు నాలుగు దిగు కాలములో విశేషము గలవి మూడే దిగినచో, ఒక్కొక్కదానికి కూలి మూడవ వంతు పెంచిన గాని నేతగాని దినకూలి సమము కాదు. ఇది ఔదార్యము కాదు, కేవలము లెక్క. సమము చేసిన పిమ్మట పైన కొంచెము చేర్చినచో అది ప్రోత్సాహమగును. ఈ పెంపు ధరలో కలుపుడు, కొనువాడు ఇచ్చును. సాదా గుడ్డకు పదిరూపాయలు ఎక్కువ ఇమ్మన్న బేరమాడువాడు, నచ్చిన గుడ్డకు అడుగకుండ ఇచ్చును.

రెండవది, ప్రతి సంఘములో మాదిరుల బీరువా ఒకటి ఉండవలెను. ఎవరు తెచ్చినను, బాగున్నను లేకున్నను, తెచ్చిన మాదిరికి పూర్తి కూలి ఇచ్చి, నేసినవారి పేరు వ్రాసి దానిలో ఉంచవలెను. రెండవ రకము చీటీ మాదిరికి అంటింపరాదు.

మూడవది, మాదిరులను ఎంచు కూటమిలో ఇద్దరు స్త్రీలు ఉండవలెను. ఆసు పోయువారు, కండెలు చుట్టువారు, రంగు కలుపువారు వారే. చీర కట్టువారును వారే. చీర ఏది పోవునో మీసములు గల పదిమందిమి కూర్చుండి తేల్చుచున్నాము. దానికి తగిన ఫలమే బీరువాలలో కనబడుచున్నది. కాలేజీ చదువు పిల్లలను ఒకనాడు పిలిచి గుడ్డలు పరచి అడిగినను అపచారము లేదు.

నాలుగవది, మనము కట్టుట. మహాసభకు వచ్చినప్పుడు చూడుడు: అధ్యక్షుడు మొదలు సభ్యుల వరకు ఎందరి ఒంటి మీద మన సంఘపు గుడ్డ ఉన్నది? ఇంటి ఆడవారికి పండుగకు ఏమి కొనిపెట్టితిమి? మనము తిననిది లోకమునకు వడ్డించుచున్నాము. ఏడాదికి ఒక్కటి, మన చేతిది గాని, ప్రక్కింటి మగ్గముది గాని, విశేషము గల రోజువారీ గుడ్డను ఇంటిలో ప్రతి ఒక్కరును కొనవలెను. కట్టినవానికి లోపము తెలియును: కొంగు పొట్టి, అంచు గరుకు, నీలి కారినది. ఆ మాట మగ్గము దగ్గరకు రావలెను.

చేనేత గుర్తు చీటీ 2006 నుండి ఉన్నది, అంటించుకొందము. ఆగస్టు 7ను 2015 నుండి జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు, దండలు వేయుదము. కాని దండ వాడిపోవును. బీరువాలోని తెల్లవేష్టి మడత పసుపెక్కుచునే యుండును.

చివరకు ఒక సంగతి. సరుకు లెక్క ముగిసిన వారము నేను ఆ అంగవస్త్రమును మడిచి తీసికొని మా మామ ఇంటికి పోయితిని. మరమగ్గపు కొట్టము నుండి అప్పుడే వచ్చి కాళ్ళు కడుగుకొనుచుండిరి. గుడ్డ చూపితిని. చేతితో తడిమి, "నీలి నిలిచిందే" అన్నారు. నేను వ్రాసిన కోత తప్పని, ఆ సొమ్ము తెచ్చితినని చెప్పితిని. సొమ్ము తీసికొన్నారు, లెక్క పెట్టలేదు. మగ్గము మాట అడిగితిని. చెక్కలు అటక మీద ఉన్నవట. "పెంచిన కూలి కాగితం మీద చూపించు తమ్ముడూ, అప్పుడు దింపుదాం" అన్నారు.

ఆయన మాటలో తప్పు లేదు. ఆ కాగితము మీద మా పాలకవర్గము ఇంకను సంతకము చేయవలసియున్నది. వచ్చు సమావేశములో ఆ విషయమును మొదటి అంశముగా పెట్టితిని. మీ మీ సంఘములలోను పెట్టవలసినదిగా మనవి. తీర్మానము గెలిచినచో ఒక చెక్క అటక దిగును. ఓడినచో మా అమ్మాయికి, ఇంకొకటి లేదమ్మా అని నేను చెప్పవలసియుండును.